చార్టులో రోజులు లెక్కపెట్టడం ఎలా: టైమ్ సైకిల్స్‌తో ట్రేడింగ్

ట్రేడింగ్ మొదలుపెట్టినవాళ్లలో చాలామంది చార్టును నిలువుగానే చూస్తారు. ధర ఎంత పెరిగింది, ఎంత పడింది, సపోర్ట్ ఎక్కడ, రెసిస్టెన్స్ ఎక్కడ అన్న ధ్యాసే ఉంటుంది. అడ్డంగా, అంటే కాలం వైపు చూసేవాళ్లు తక్కువ. కిందటి బాటమ్ (ధర పడి, మళ్లీ పైకి తిరిగిన చోటు) పడి ఎన్ని రోజులైంది, అంతకు ముందు బాటమ్‌కీ బాటమ్‌కీ మధ్య ఎన్ని రోజులు పట్టింది అని లెక్కపెట్టడమే టైమ్ సైకిల్స్ పని. ఈ లెక్క ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడెక్కడ మోసపోతామో, చివరికి దాన్ని ఒక ట్రేడ్‌గా ఎలా మార్చుకోవాలో వరసగా చెబుతాను. చార్ట్ చూడటం, స్టాప్ లాస్ పెట్టడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఎప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకుని చూడాలో సైకిల్ చెబుతుంది. కొనాలా వద్దా అన్నది మాత్రం ధరే చెప్పాలి. ఈ తేడా తెలియని రోజుల్లో నేను నోట్‌బుక్‌లో "ఈరోజు 42వ రోజు" అని రాసుకుని, మార్కెట్ ఇంకా పడుతూనే ఉన్నా కొనేశాను. బాటమ్ పడటానికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. 40 రోజుల సైకిల్ ఒక్కోసారి 51 రోజులు నడవడం పెద్ద వింతేమీ కాదు. లెక్క పరవాలేదు, తేదీని చూసి డబ్బు పెట్టడమే తప్పు.

ముందు మాటలు కుదుర్చుకుందాం

సైకిల్ పొడవు అంటే ఒక బాటమ్ నుంచి తర్వాతి బాటమ్‌ దాకా పట్టే కాలం. ఎత్తు అంటే ఆ మధ్యలో ధర ఎంత ఊగిందన్నది. దశ అంటే ఇవాళ మనం ఆ ఊపులో ఎక్కడున్నామన్నది. 40 రోజుల సైకిల్‌లో 8వ రోజున ఉండటానికీ 33వ రోజున ఉండటానికీ చాలా తేడా ఉంది, ధర రెండు రోజుల్లోనూ ఒకటే అయినా సరే.

లెక్క ఎప్పుడూ బాటమ్ నుంచి బాటమ్‌కే పెట్టండి, టాప్ (ధర ఎక్కి, కిందికి తిరిగిన చోటు) నుంచి టాప్‌కి వద్దు. షేర్లు, ఇండెక్సుల్లో టాప్‌లు సాగుతాయి, వారాల తరబడి గుండ్రంగా తిరుగుతాయి. బాటమ్‌లు మాత్రం భయంతో పడతాయి కాబట్టి సూదిమొనలా ఉంటాయి, గుర్తించడం తేలిక. 1970లో తన సైకిల్ పద్ధతిని ప్రచురించిన అమెరికన్ ఇంజనీర్ జె. ఎం. హర్స్ట్ ఇంకో గమనింపు కూడా చెప్పాడు. చిన్న సైకిళ్లూ పెద్ద సైకిళ్లూ బాటమ్ దగ్గరే కలుసుకుంటాయి, టాప్ దగ్గర చెల్లాచెదురుగా ఉంటాయి అన్నాడు.

కారణం చెప్పగలిగిన సైకిల్‌తో మొదలుపెట్టండి

ఏ సైకిల్ ఎంచుకున్నా, "ఇది ఎందుకు తిరగాలి?" అని మిమ్మల్ని మీరు అడగండి. కొన్నింటికి జవాబు సూటిగా ఉంటుంది. కంపెనీల ఫలితాలు మూడు నెలలకోసారి వస్తాయి. ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఎక్స్‌పైరీలు, అంటే ఆ కాంట్రాక్టుల గడువు ముగిసే రోజులు, ముందే తెలిసిన తేదీల్లో వస్తాయి. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ ఏడాదికి ఎనిమిదిసార్లు ముందే ప్రకటించిన తేదీల్లో వడ్డీ రేట్ల మీద సమావేశమవుతుంది. పంటల ఫ్యూచర్స్‌లో విత్తనం, కోత కాలాల ఊపు ఉంటుంది. వీటి వెనక మనుషుల పనులున్నాయి.

ఇంకొంచెం పెద్దవి చూస్తే, 1862లో ఫ్రెంచ్ వైద్యుడు క్లెమాన్ జుగ్లార్ వ్యాపార సంక్షోభాలు పదేళ్లకు అటూ ఇటూ తిరిగొస్తున్నాయని చూపించాడు. 1923లో జోసెఫ్ కిచిన్ సుమారు 40 నెలల సైకిల్‌ను గుర్తించాడు. దానికి మామూలుగా చెప్పే కారణం సరుకు నిల్వలు: గిరాకీ పెరిగిందని అందరూ ఒకేసారి నిల్వ చేస్తారు, సరుకు పేరుకుపోతుంది, ఆర్డర్లు తగ్గిస్తారు, మళ్లీ కొరత వస్తుంది. రష్యన్ ఆర్థికవేత్త కొంద్రాత్యెవ్ చెప్పిన 40-60 ఏళ్ల దీర్ఘ తరంగం చదవడానికి బాగుంటుంది గానీ ట్రేడింగ్‌కు పనికిరాదు. ఒక మనిషి జీవితంలో అది రెండుసార్లు కూడా పూర్తిగా తిరగదు.

కారణం ఉన్నట్టు కనిపించినా ఆగి చూడాలి. 19వ శతాబ్దపు పేరున్న ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ సూర్యుడి మచ్చల వల్ల వాతావరణం, దాని వల్ల పంటలు, వాటి వల్ల వ్యాపారం ఊగుతాయని వాదించాడు. సంక్షోభాల మధ్య సగటు పదిన్నర ఏళ్ల దగ్గర వచ్చింది, మచ్చల సైకిల్ కూడా అప్పటి అంచనాల్లో అంతే అనిపించింది. ఆ వాదన నిలబడలేదు. అంత తెలివైనవాడే రెండు అంకెలు దగ్గరగా ఉన్నాయని నమ్మేశాడంటే, మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో చూసుకోండి.

బిట్‌కాయిన్ హాల్వింగ్ సైకిల్‌ను చాలామంది గట్టిగా నమ్ముతారు. దానికి కారణమైతే ఉంది: ప్రతి 2,10,000 బ్లాకులకు (బ్లాకు అంటే లావాదేవీల ఒక కట్ట), అంటే సుమారు నాలుగేళ్లకు, కొత్తగా పుట్టే నాణేలు సగానికి తగ్గుతాయి. 2012, 2016, 2020, 2024లో అలా జరిగింది. 2013, 2017, 2021 చివర్లలో పెద్ద టాప్‌లు వచ్చాయి. కానీ ఇది మూడు నాలుగు చుట్ల చరిత్ర మాత్రమే. పైగా 2024లో, ఏప్రిల్ హాల్వింగ్ కన్నా ముందే, మార్చిలోనే కొత్త గరిష్ఠం వచ్చేసింది, అంతకు ముందు ఎప్పుడూ అలా జరగలేదు. మూడుసార్లు చూసినదాని మీద ఇల్లు తాకట్టు పెట్టకండి.

చార్ట్ సిద్ధం చేసుకోవడం

మీరు వెతుకుతున్న సైకిల్‌లో 20 నుంచి 60 క్యాండిల్స్ ఉండేలా టైమ్‌ఫ్రేమ్ ఎంచుకోండి. రెండు నెలల సైకిల్ అయితే డైలీ చార్ట్, ఏడాదిదైతే వీక్లీ చార్ట్. కనీసం పది పూర్తి చుట్లు కనిపించేంత పాత డేటా కావాలి. 40 ట్రేడింగ్ రోజుల సైకిల్‌కు పది చుట్లంటే 400 రోజులు, కాబట్టి రెండేళ్ల డేటా దింపుకోండి. మూడేళ్లయితే ఇంకా మంచిది, చివరి ఏడాదిని పరీక్ష కోసం పక్కన పెట్టొచ్చు. పక్కన పెట్టడమంటే నిజంగా చూడకుండా ఉండటమే.

క్యాలెండర్ రోజులు లెక్కపెడతారా, ట్రేడింగ్ రోజులా అన్నది మొదటే తేల్చుకోండి. హర్స్ట్ చెప్పిన 80 రోజుల సైకిల్ క్యాలెండర్ రోజుల్లో, అంటే ట్రేడింగ్ రోజుల్లో దాదాపు 55. ఈ రెండూ కలగాపులగం చేసుకుని తలనొప్పి తెచ్చుకున్నవాళ్లను చాలామందిని చూశాను. ఈ వ్యాసంలో నేను చెప్పే లెక్కలన్నీ ట్రేడింగ్ రోజుల్లోనే.

బాటమ్ అంటే ఏమిటో గుర్తులు పెట్టకముందే రాసుకోండి

మొత్తం పద్ధతిలో అసలు కీలకం ఇక్కడుంది. ఇక్కడ నిజాయతీగా ఉంటే మిగతాదంతా పనిచేస్తుంది, లేకపోతే ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ వాడినా వృథా.

ఒక నిజమైన ఉదాహరణతో చూపిస్తాను. అమెరికాలోని పెద్ద కంపెనీల షేర్లతో కట్టిన ఎస్ అండ్ పీ 500 ఇండెక్స్‌లో 2009 నుంచి అందరికీ గుర్తున్న పెద్ద బాటమ్‌ల ముగింపు తేదీలు ఇవి: 2009 మార్చి 9, 2011 అక్టోబర్ 3, 2016 ఫిబ్రవరి 11, 2018 డిసెంబర్ 24, 2020 మార్చి 23, 2022 అక్టోబర్ 12, 2025 ఏప్రిల్ 8. వీటి మధ్య దూరాలు నెలల్లో వరసగా 31, 52, 34, 15, 31, 30. చూశారా? ఆరింటిలో నాలుగు 30 నుంచి 34 మధ్యే ఉన్నాయి. మధ్య విలువ, అంటే చిన్నది నుంచి పెద్దదాకా పేర్చితే నడుమ వచ్చేది, సరిగ్గా 31. 52ని రెండు చుట్లు కలిసిపోయిందనుకుని, 15ని సగం చుట్టు అనుకుంటే, చక్కటి 31 నెలల సైకిల్ దొరికేసినట్టే. ఈ లెక్క చూపించి ఎవరైనా మీకు కోర్సు అమ్మగలరు.

ఇప్పుడు ఈ జాబితాను ఎలా తయారు చేశానో అడగండి. "అందరికీ గుర్తున్నవి" అన్నాను, అది రూల్ కాదు. ఒక రూల్ పెడదాం: ముగింపు ధరల్లో అంతకు ముందు గరిష్ఠం నుంచి కనీసం 15% పడితేనే పెద్ద బాటమ్. 2016 ఫిబ్రవరి పతనం 14% చిల్లరే, కాబట్టి అది పోతుంది. నేను వదిలేసిన 2010 జూలై 2 బాటమ్ మాత్రం లోపలికి వస్తుంది, ఎందుకంటే అప్పుడు 16% పడింది. ఇప్పుడు దూరాలు: 16, 15, 87, 15, 31, 30. మధ్య విలువ 23కి వచ్చేసింది, 31 నెలల సైకిల్ ఎక్కడా కనిపించదు. అవే ధరలు, అదే ఇండెక్స్. ఒక గుర్తు తీసి ఇంకోటి పెట్టేసరికి సైకిల్ మాయమైపోయింది.

అందుకే రూల్ ముందు, గుర్తులు తర్వాత. డైలీ చార్టుకు నేను వాడే రూల్ ఇది: ఒక రోజు ముగింపు ధర, దానికి ముందు 10 రోజుల్లోనూ తర్వాత 10 రోజుల్లోనూ ఉన్న అన్ని ముగింపుల కన్నా తక్కువైతే అది బాటమ్. 40 రోజుల సైకిల్ కోసం పావు వంతు అటూ, పావు వంతు ఇటూ అన్నమాట. 20 రోజుల సైకిల్ వెతికితే 5, 5 పెట్టుకోండి. రూల్ పట్టుకున్న బాటమ్ కంటికి నచ్చకపోయినా గుర్తు పెట్టాల్సిందే. రూల్ పట్టుకోనిది ఎంత అందంగా ఉన్నా వదిలేయాల్సిందే.

ఈ రూల్‌కు ఒక ఖరీదు ఉంది, అది మర్చిపోకండి. బాటమ్ అని ఖాయం చేయడానికి పది రోజులు పడుతుంది. పాత చార్టులో ఇది తెలియదు, లైవ్‌లో తెలుస్తుంది. అప్పటి దాకా అది తాత్కాలిక బాటమ్ మాత్రమే. నోట్‌బుక్‌లో కూడా దాన్ని పెన్సిల్‌తోనే రాయండి.

లెక్కపెట్టి కిటికీ కట్టండి

పదకొండు బాటమ్‌లు దొరికాయనుకుందాం, అంటే పది దూరాలు. ఉదాహరణకు అవి: 38, 42, 35, 44, 40, 29, 41, 47, 39, 43. చిన్నది నుంచి పెద్దదాకా పేర్చండి: 29, 35, 38, 39, 40, 41, 42, 43, 44, 47. మధ్య విలువ 40.5. సగటు కన్నా మధ్య విలువే నమ్మదగినది, ఎందుకంటే ఒక్క వింత చుట్టు వచ్చినా సగటు పక్కకు జరిగిపోతుంది.

ఇప్పుడు అటు చివర ఒకటి, ఇటు చివర ఒకటి తీసేయండి. మిగిలినవి 35 నుంచి 44. ఇదే మీ కిటికీ, అంటే తర్వాతి బాటమ్ కోసం ఎదురుచూసే రోజులు. కిందటి బాటమ్ నుంచి 35వ రోజు మొదలై 44వ రోజుకు ముగుస్తుంది. చార్టు మీద ఈ పది రోజుల పట్టీకి లేత రంగు వేయండి. ఆ పట్టీ బయట కొత్తగా కొనే ఆలోచన చేయరు, లోపల మాత్రం రోజూ చూస్తారు.

కిటికీ వెడల్పు సైకిల్ పొడవులో మూడో వంతు దాటితే ఆ సైకిల్‌ను వదిలేయండి. "30 నుంచి 60 రోజుల మధ్య ఎప్పుడో బాటమ్ వస్తుంది" అన్నది ఎవరైనా చెప్పగలిగిన మాటే.

అది నిజంగా సైకిలేనా?

1927లో యెవ్‌గెనీ స్లుట్‌స్కీ అనే గణిత ఆర్థికవేత్త మాస్కోలో ఒక ప్రయోగం చేశాడు. లాటరీలో పడిన అంకెలు తీసుకున్నాడు, అంటే వాటిలో ఏ క్రమమూ లేదు. పదేసి అంకెలను జరుపుకుంటూ కూడుతూ పోయాడు. వచ్చిన గీత 19వ శతాబ్దపు ఇంగ్లండ్ వ్యాపార చక్రాల గీతలాగే ఎగుడుదిగుళ్లతో కనిపించింది. విశేషమేమిటంటే, ఆయన పనిచేసిన సంస్థకు అధిపతి దీర్ఘ తరంగాలు చెప్పిన కొంద్రాత్యెవే.

దీంట్లో ట్రేడర్‌కు సూటిగా పనికొచ్చే విషయం ఉంది. మూవింగ్ యావరేజ్, అంటే గడిచిన కొన్ని రోజుల ధరల సగటును రోజూ జరుపుకుంటూ వేసే గీత, స్లుట్‌స్కీ చేసిన పనే. ధర మీద మూవింగ్ యావరేజ్ వేసి, దాని అలల్ని చూసి "ఇదిగో సైకిల్" అంటే, ఆ అలల్ని మీరే తయారుచేసి ఉండవచ్చు. అందుకే గుర్తులెప్పుడూ అసలు ముగింపు ధరల మీదే పెట్టండి.

మీ సైకిల్‌కూ ఇదే పరీక్ష పెట్టొచ్చు. స్ప్రెడ్‌షీట్‌లో చేసే పని ఇది, గంట పడుతుంది. ఒక కాలమ్‌లో ప్రతి రోజు శాతం మార్పు పెట్టండి. పక్క కాలమ్‌లో ర్యాండమ్ నంబర్లు వేసి, వాటి ప్రకారం వరస మార్చేయండి. పేక ముక్కల్లా కలిపేయడమే. తర్వాత 100 నుంచి మొదలుపెట్టి ఆ మార్పుల్ని ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటూ పోతే ఒక దొంగ ధరల చార్ట్ వస్తుంది. మార్పులు అసలువే, వరస మాత్రం పోయింది, అంటే సైకిల్ ఉంటే అదీ పోయింది. ఈ చార్టు మీద అదే 10-10 రూల్‌తో బాటమ్‌లు గుర్తించి దూరాలు కొలవండి. ఇలా కనీసం ఇరవై చార్టులు చేయండి.

దొంగ చార్టుల్లో కూడా సగటు దూరం మీ సైకిల్‌కు దగ్గరగా రావచ్చు. దానికి బెంగపడకండి. ముందు పది, వెనక పది అని పెట్టిన రూలే ఏదో ఒక దూరాన్ని పుట్టిస్తుంది. చూడాల్సింది ఆ దూరాలు ఎంత చెదిరి ఉన్నాయన్నది. అసలు చార్టులో కిటికీ 35-44 ఉండి, దొంగ చార్టుల్లో ఎక్కువసార్లు 20-80 లాగా వస్తుంటే మీ దగ్గర పట్టుకోదగినదేదో ఉంది. ఇరవైలో ఆరేడు చార్టులు మీ అంత బిగువైన కిటికీ ఇచ్చాయంటే, ఆ సైకిల్‌ను నమ్మడానికి ఆధారం లేదు. ఇంకో మార్కెట్ చూసుకోండి. ఈ దశలో ఆశ వదులుకోవడం బాధగా ఉంటుంది, నాకు తెలుసు. వారాల కష్టం పోయినట్టు అనిపిస్తుంది. అయినా ఇక్కడ పోయేది టైమ్ మాత్రమే.

పరీక్ష దాటిన సైకిల్‌ను మీరు పక్కన పెట్టిన చివరి ఏడాది మీద ఒకసారి, ఒక్కసారే, నడిపి చూడండి. ఆ ఏడాది బాటమ్‌లలో సగానికి పైగా కిటికీలో పడకపోతే ఆ కిటికీని అక్కడికక్కడే సర్దకండి. సర్దారంటే ఆ ఏడాది కూడా చూసేసిన డేటాలో కలిసిపోతుంది.

పెద్ద సైకిల్ ఎటు పోతోందో చూడండి

సైకిళ్లు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయన్నది హర్స్ట్ చెప్పిన ముఖ్యమైన సంగతి. ఆయన పట్టికలో 18 ఏళ్లు, 9 ఏళ్లు, 54 నెలలు, 18 నెలలు, 40 వారాలు, 20 వారాలు, 80 రోజులు, 40, 20, 10, 5 రోజులు ఉంటాయి. ఎక్కువ చోట్ల ఒకదానికొకటి సగం, 54 నెలల నుంచి 18 నెలలకు మాత్రం మూడో వంతు. ఈ అంకెల్ని ఉన్నవున్నట్టు మీ చార్టుకు అంటించకండి, మీ కొలత మీదే. పట్టికలోంచి తీసుకోవాల్సింది అమరిక: మీరు 40 రోజులది ట్రేడ్ చేస్తుంటే 80 రోజులదీ 20 రోజులదీ కూడా కొలిచి పెట్టుకోవాలి.

పెద్దది పైకి పోతున్నప్పుడు చిన్నదాని బాటమ్‌లో కొనండి. పెద్దది కిందికి పోతున్నప్పుడు చిన్నదాని బాటమ్ దగ్గర ఊరుకోండి. పెద్దది ఎటు పోతోందో తెలుసుకోవడానికి టాప్ ఎక్కడ పడిందో చూస్తే చాలావరకు సరిపోతుంది. 40 రోజుల చుట్టులో టాప్ 27వ రోజున వచ్చిందంటే, ధర ఎక్కువ కాలం ఎక్కి తక్కువ కాలం దిగింది, కింద నుంచి పెద్ద అల మోస్తోంది. టాప్ 12వ రోజునే వచ్చేసి మిగతా కాలమంతా దిగితే పైనుంచి పెద్ద అల నొక్కుతోంది. ఇంకా గట్టి గుర్తు ఒకటుంది: చుట్టు పూర్తి కాకముందే ధర ఆ చుట్టు మొదలైన బాటమ్ కిందికి జారిందంటే, కొనే పని పక్కన పెట్టండి, తర్వాతి కిటికీ దాకా.

ధర చెప్పే దాకా ఆగడం

కిటికీలోకి వచ్చాం, పెద్ద సైకిల్ పైకే ఉంది. ఇప్పుడు బాటమ్ పడిపోయిందని ధర నుంచి ఒక సాక్ష్యం కావాలి. హర్స్ట్ పద్ధతిలో దీనికి ఎఫ్‌ఎల్‌డీ (ఫ్యూచర్ లైన్ ఆఫ్ డీమార్కేషన్) అనే గీత ఉంది. వేయడం చాలా తేలిక: ధర గీతనే సైకిల్‌లో సగం రోజులు ముందుకు జరపండి. 40 రోజుల సైకిల్‌కు 20 రోజులు. అంటే ఇవాళ్టి ధర పక్కన 20 రోజుల కిందటి ధర కనిపిస్తుంది. సైకిల్ సక్రమంగా ఉంటే ధర దిగే చోట ఆ గీత ఎక్కుతుంది, ఎక్కే చోట దిగుతుంది, రెండూ మధ్యలో ఖండించుకుంటాయి. ధర కింది నుంచి గీతను దాటి పైన ముగిసిందంటే, ఆ సైకిల్ బాటమ్ వెనక్కి వెళ్లిపోయిందన్నమాట. ఈ గీత రాబోయే 20 రోజుల దాకా ఇప్పటికే గీసి ఉంటుంది కాబట్టి, ధర సుమారు ఎక్కడ దాటుతుందో కూడా ముందుగానే కనిపిస్తుంది.

టార్గెట్ లెక్క కూడా దీంట్లోనే ఉంది. బాటమ్ 200 దగ్గర పడి, ధర గీతను 212 దగ్గర దాటితే, ఎక్కిన 12ని మళ్లీ కలపండి: 224. సగం దూరంలో ఖండన, రెండో సగం ఇంకా మిగిలి ఉంది అన్నది దీని వెనక ఊహ.

ఎంట్రీ, స్టాప్, సైజ్

ఇక్కడొక చిక్కుంది. దీన్ని గమనించకుండానే చాలామంది ఏళ్ల తరబడి ట్రేడ్ చేస్తారు. 212 దగ్గర కొని, బాటమ్ 200కి కాస్త కింద 198 దగ్గర స్టాప్ పెడితే రిస్క్ 14. టార్గెట్ 224 దాకా లాభం 12. అంటే రిస్క్ కన్నా లాభం తక్కువ. ఇది ఈ ఉదాహరణ దోషం కాదు, ఆ లెక్కే అంత. టార్గెట్ దూరం ఎప్పుడూ బాటమ్ నుంచి ఖండన దాకా ఉన్న దూరానికి సమానం, స్టాప్ దానికన్నా కింద ఉంటుంది. కాబట్టి ఖండన దగ్గర కొని బాటమ్ కింద స్టాప్ పెట్టే ప్రతి ట్రేడూ ఒకటికి ఒకటి కన్నా తక్కువ నిష్పత్తితోనే మొదలవుతుంది.

నేను చేసే పద్ధతి: ఎంట్రీకి చిన్న సైకిల్ గీత, టార్గెట్‌కు పెద్ద సైకిల్ గీత. 20 రోజుల సైకిల్‌కు గీతను 10 రోజులే జరుపుతాం కాబట్టి ధర దాన్ని ముందే దాటుతుంది. అది 206 దగ్గర దాటిందనుకోండి. అక్కడ కొంటే, స్టాప్ 198 వద్దే ఉంచితే రిస్క్ 8. 40 రోజుల గీతను 212 దగ్గర దాటేలా కనిపిస్తోంది కాబట్టి టార్గెట్ 224, లాభం 18. ఇప్పుడు నిష్పత్తి రెండుకు పైనే. దీనికి చెల్లించే మూల్యం ఏమిటంటే, చిన్న గీతను దాటి కూడా ధర మళ్లీ పడిపోయే సందర్భాలు ఎక్కువుంటాయి. అందుకే కిటికీలో లేనప్పుడు చిన్న గీత ఇచ్చే సిగ్నల్‌ను నేను పట్టించుకోను.

సైజ్ లెక్క: ఖాతాలో 1,00,000 ఉంటే, కరెన్సీ ఏదైనా, ఒక ట్రేడ్‌లో పోగొట్టుకోవడానికి ఒప్పుకునేది 1%, అంటే 1,000. ఒక యూనిట్ మీద రిస్క్ 8 కాబట్టి 125 యూనిట్లు. కొనే ముందే ఈ అంకె కాగితం మీద ఉండాలి. లెవరేజ్ వాడే (కొద్ది డబ్బుతో పెద్ద మొత్తం ట్రేడ్ చేసే) ఫ్యూచర్స్‌లో లాట్ సైజ్, అంటే ఒకేసారి కొనాల్సిన కనీస యూనిట్లు, వల్ల ఈ 1% లోపల పట్టకపోతే ఆ కాంట్రాక్ట్ మీ ఖాతాకు పెద్దది. దాన్ని వదిలేయండి.

ధర స్టాప్‌తో పాటు టైమ్ స్టాప్ కూడా పెట్టండి. సైకిల్ పద్ధతి ఇచ్చే అసలు లాభం నా దృష్టిలో ఇదే. 40 రోజుల చుట్టులో బాటమ్ తర్వాత మొదటి పావు, అంటే పది రోజులు, ధర చురుగ్గా ఎక్కాల్సిన కాలం. పదో రోజుకు కూడా మీ ఎంట్రీ పైన లేకపోతే మీరు అనుకున్న బాటమ్ అది కాదు. స్టాప్ తగలకపోయినా బయటికి వచ్చేయండి. అప్పుడు నష్టం పూర్తి 8 కాకుండా రెండో మూడో ఉంటుంది, ఏడాది మొత్తం మీద అది పెద్ద తేడా చేస్తుంది.

లెక్క తప్పినప్పుడు

తప్పుతుంది. 2018 డిసెంబర్ బాటమ్ తర్వాత 15 నెలలకే, 2020 మార్చిలో, కోవిడ్ భయంతో ఎస్ అండ్ పీ 500 నెల రోజుల్లో మూడో వంతు పడిపోయింది. ఏ నెలల లెక్కా దాన్ని ఆపలేదు, స్టాప్ ఉన్నవాళ్లు బయటపడ్డారు.

కిటికీ చివరి రోజు దాటినా సిగ్నల్ రాకపోతే ఆ చుట్టు ట్రేడ్ లేదు. రూల్ ప్రకారం కొత్త బాటమ్ ఖాయమయ్యే దాకా కూర్చోండి, అక్కడి నుంచి కొత్తగా ఒకటో రోజు. బాటమ్ రావాల్సిన కిటికీలో టాప్ వస్తే, "సైకిల్ తలకిందులైంది" అని పేరు పెట్టి అమ్మేవాళ్లున్నారు. దాన్ని నేను ఒప్పుకోను. బాటమ్ వచ్చినా గెలుపే, టాప్ వచ్చినా గెలుపే అనుకుంటే తప్పు ఎక్కడుందో ఇక ఎప్పటికీ తెలియదు. అలాంటి చుట్టును రికార్డులో తప్పు కింద రాయండి.

రికార్డు

ప్రతి చుట్టుకూ ఒక వరస రాయండి: కిందటి బాటమ్ తేదీ, కిటికీ మొదలు, చివర, టాప్ ఎన్నో రోజున, చిన్న గీత దాటిన ధర, స్టాప్, సైజ్, బయటికి వచ్చిన రోజు, బాటమ్ నిజంగా పడిన రోజు. కిటికీ తేదీలు మాత్రం కిటికీ తెరవకముందే, తేదీ వేసి రాయాలి. తర్వాత రాసిన కిటికీకి విలువ లేదు. ట్రేడ్ చేయని చుట్లు కూడా రాయండి. పది కొత్త చుట్లు అయ్యాక దూరాలన్నీ మళ్లీ పేర్చి, మధ్య విలువా కిటికీ మళ్లీ కట్టండి, అంతకు ముందు మాత్రం మార్చకండి.

మొదటి మూడు నాలుగు చుట్లు డబ్బు లేకుండా, కాగితం మీదే నడపండి. 40 రోజుల సైకిల్‌కు అది ఆరేడు నెలలు. ఆ లోపు ఏదో ఒక రాత్రి కూర్చుని, వరస కలిపేసి దొంగ చార్టులు చేసే పరీక్ష పూర్తి చేయండి. అది దాటని సైకిల్ మీద ఒక్క యూనిట్ కూడా కొనకండి.